జీ41 బోర్డులో ఈ5300: ప్రాసెసర్ మార్చాలా, క్లాక్ పెంచాలా?

డీటీపీ_తెనాలి (ప్రశ్న)

నమస్కారం అండీ. షాపులో ఉన్న సిస్టం వివరాలు: గిగాబైట్ జీ41 బోర్డు (డీడీఆర్3, రెండు స్లాట్లు), పెంటియం డ్యూయల్ కోర్ ఈ5300 2.6 గిగాహెర్ట్జ్, 2 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7 32-బిట్. గ్రాఫిక్స్ కార్డు లేదు, బోర్డు మీదున్నదే. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) మీద 450 వాట్స్ అని రాసుంది, ఊరూ పేరూ లేని కంపెనీ.

పనంతా పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఒక పాత ఫొటోషాప్. పెళ్లికార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు. రెండొందల పేజీల ఫైల్లో ఫాంట్ సైజు మారిస్తే అక్షరాలు మళ్లీ సర్దుకునేదాకా మౌస్ పక్కన చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే టైంలో క్రోమ్ తెరిస్తే ఇక టీ తాగి రావాల్సిందే.

కొత్త సిస్టం మాట వద్దు, ఫైళ్లూ ఫాంట్లూ ప్రింటర్ డ్రైవర్లూ అన్నీ దీనికే అలవాటుపడి ఉన్నాయి. ఈ బోర్డుకి క్వాడ్ ప్రాసెసర్ వేయొచ్చంటున్నారు. ప్రాసెసర్‌కి టేప్ ముక్క అంటిస్తే స్పీడ్ పెరుగుతుందని కూడా విన్నాను. జియాన్ అని ఇంకోటేదో చెబుతున్నారు. వీటిలో ఏది పనికొస్తుంది? ఏది చేస్తే బోర్డు పోతుంది?

సాకెట్_775

ముందు లెక్క చూద్దాం, మిగతాది దాన్నిబట్టి తేలుతుంది. ఈ తరం ప్రాసెసర్లలో క్లాక్ అంటే ఎఫ్ఎస్‌బీ (ప్రాసెసర్‌ని బోర్డుకి కలిపే దారి వేగం, మెగాహెర్ట్జ్‌లో) గుణించు మల్టిప్లయర్ (దాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె). మీ ఈ5300లో 200 × 13 = 2600. 200ని ఒక్కో చుట్టుకి నాలుగుసార్లు వాడుకుంటుంది కాబట్టి బయట "800 ఎఫ్ఎస్‌బీ" అని రాస్తారు. ప్రాసెసర్ మెమరీని చేరాలంటే ఈ ఒక్క దారే ఉంది: 800 × 8 బైట్లు, అంటే సెకనుకి 6.4 జీబీ. జీ41 చిప్‌సెట్ 1333 దాకా పోతుంది. అక్కడ అదే దారి 10.6 జీబీ. మీ చిప్ ఉన్న దారిలో సగం పైచిలుకే వాడుతోంది.

ఇక ఏది వేయాలి అంటే, మీరు చెప్పిన పనిని రెండుగా విడదీయాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అది ఒకే కోర్ మీద నడిచే ప్రోగ్రాం. నాలుగు కోర్లిచ్చినా మూడు ఖాళీగా కూర్చుంటాయి. దానికి కావాల్సింది ఒక్క కోర్ ఎంత వేగం, పక్కన క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) ఎంత అన్నదే. క్రోమ్ సంగతి వేరు, దానికి ఎన్ని కోర్లిచ్చినా తింటుంది.

అందుకని మీకు రెండే దారులు. కోర్ 2 డ్యూయో ఈ8400 (333 × 9 = 3.0 గిగాహెర్ట్జ్, 6 ఎంబీ క్యాష్, 65 వాట్స్), దొరికితే ఈ8500 (3.16) లేదా ఈ8600 (3.33). లేదంటే కోర్ 2 క్వాడ్ క్యూ9550 (333 × 8.5 = 2.83, 12 ఎంబీ, 95 వాట్స్). పేజ్‌మేకర్ ఒక్కటే ముఖ్యమైతే డ్యూయో. పక్కన క్రోమ్ కూడా ఎప్పుడూ తెరిచే ఉంటుందంటే క్వాడ్. క్యూ6600 మాత్రం వద్దు. అది 65 నానోమీటర్ల పాత తరం, 2.4 దగ్గర ఆగుతుంది, వేడి ఎక్కువ.

క్యూ8400, క్యూ9400 కూడా క్వాడ్‌లే, క్లాక్ రెండింటిదీ 2.66. కానీ క్యాష్ 4 ఎంబీ, 6 ఎంబీ. సెకండ్ హ్యాండ్ బజార్లో "క్వాడ్ ఉందండీ" అని చేతిలో పెట్టేది ఎక్కువగా ఇవే. కొనేముందు షాపులోనే బోర్డు మీద పెట్టించి సీపీయూ-జెడ్ (ప్రాసెసర్ వివరాలు చూపే ప్రోగ్రాం) తెరవండి. క్యాష్ దగ్గర ఎల్2 "2 × 6144" అని ఉంటేనే క్యూ9550. "2 × 3072" ఉంటే క్యూ9400, "2 × 2048" ఉంటే క్యూ8400. పైన మూత మీది అక్షరాలు చెరిపి మళ్లీ చెక్కొచ్చు, ఈ అంకెను మార్చలేరు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే ఎక్స్3360 పేరుతో కూడా దొరకొచ్చు. పేరుకి జియానే (ఇంటెల్ సర్వర్ చిప్‌ల పేరు) కానీ అది అచ్చంగా మీ బోర్డులాంటి 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) చిప్, క్యూ9550కి కవల. దానికి మీ బోర్డు బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఒప్పుకుంటుందో లేదో మాత్రం గిగాబైట్ వాళ్ల సీపీయూ సపోర్ట్ పట్టికలో మీ బోర్డు రివిజన్ నంబరుతో చూసుకోండి. రివిజన్ నంబరు బోర్డు అంచున చిన్న అక్షరాలతో ఉంటుంది, 1.3 అనో 1.4 అనో. పట్టిక ఒక్కో రివిజన్‌కీ వేరు.

బయోస్ పాతదైతే పాత ప్రాసెసర్ ఉండగానే మార్చాలి, కొత్తది పెట్టాక కాదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి, ఆన్ చేసేటప్పుడు ఎండ్ కీ నొక్కితే బయోస్ మార్చే క్యూ-ఫ్లాష్ వస్తుంది. యూపీఎస్ మీద పెట్టి చేయండి. మధ్యలో కరెంటు పోతే ఆ తర్వాత వేరే చోట చిప్ ప్రోగ్రామర్ వెతుక్కోవాలి.

వోల్ట్‌మీటర్

డబ్బు పెట్టకముందే ఉన్నదాన్ని కొంచెం లాగి చూడమంటాను. ఈ5300కి మల్టిప్లయర్ 13, అదే దాని బలం. ఎఫ్ఎస్‌బీని 200 నుంచి 240 చేస్తే 3.12 గిగాహెర్ట్జ్. ఈ8400 కంటే క్లాక్ ఎక్కువే అయింది, పైసా ఖర్చు లేదు. క్యాష్ 2 ఎంబీ కాబట్టి పూర్తిగా దానితో సమానం కాదు కానీ పేజ్‌మేకర్‌లో తేడా తెలుస్తుంది.

బయోస్‌లోకి వెళ్లి క్లాక్, వోల్టేజీ మార్చే ఎం.ఐ.టీ. పేజీ తెరవండి. ఏది ముట్టుకునే ముందైనా ప్రతి పేజీకీ ఫోన్లో ఫొటో తీసుకోండి. సీపీయూ హోస్ట్ క్లాక్ కంట్రోల్ ఎనేబుల్ చేస్తే కింద ఫ్రీక్వెన్సీ గడి తెరుచుకుంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫ్రీక్వెన్సీ ఆటోలో వదలొద్దు, 100 అని టైప్ చేయండి. వదిలేస్తే ఎఫ్ఎస్‌బీతో పాటు అదీ పైకి పాకే ప్రమాదం ఉంది. మెమరీ మల్టిప్లయర్ 4 దగ్గర ఉంటే 240కి ర్యామ్ 960 అవుతుంది. మీ స్టిక్ మీద 1066 అనో 1333 అనో ఉంటే అది దాని హద్దులోనే ఉన్నట్టు.

210, 220, 230 అలా పదేసి పెంచుకుంటూ ప్రతిసారీ విండోస్ దాకా రానివ్వండి. 230 దాటాక ఐదేసి. ప్రతి మెట్టు దగ్గరా ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి పరీక్షించే ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పదిహేను నిమిషాలు, పక్కన వేడి చూపించే కోర్ టెంప్. చివరికి ఎక్కడ ఆగారో అక్కడ రెండు గంటలు. నీలి తెర మీద 101 అంకెతో తప్పు వస్తే ఎక్కువసార్లు వోల్టేజీ చాలనట్టు, వీ-కోర్ (ప్రాసెసర్‌కి అందే వోల్టేజీ) ఒక్క మెట్టు (0.0125 వోల్టు) పెంచి చూడండి. ఈ 45 నానోమీటర్ల చిప్‌లకి ఇంటెల్ రాసుకున్న పైహద్దు 1.3625 వోల్టులు. మీ పనికి అంత దూరం పోవాల్సిన అవసరమే రాదు, 240కి చాలా చిప్‌లు మామూలు వోల్టేజీతోనే నడుస్తాయి.

ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయిందా, గాభరా పడకండి. ప్లగ్ తీసేసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఊడదీసి ఐదు నిమిషాలాగండి. లేదా క్లియర్ సీమాస్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో కొన్ని సెకన్లు కలపండి. మళ్లీ 200కి వచ్చేస్తుంది. ప్లగ్ పెట్టి ఉంచి మాత్రం ఇది చేయొద్దు.

బీసెల్_పిన్

టేప్ సంగతి ఎవరూ చెప్పలేదు, అందులో ఒక మెలిక ఉంది. ప్రాసెసర్ అడుగున బీసెల్ అని మూడు కాంటాక్టులుంటాయి: బీసెల్0, 1, 2. బోర్డు వీటిని చూసే ఎఫ్ఎస్‌బీ ఎంతో తెలుసుకుంటుంది. గ్రౌండుకి కలిసుంటే 0, వదిలేసి ఉంటే 1. 2-1-0 వరసలో 266కి 000, 333కి 100, 200కి 010.

ఈ7400, ఈ7500 లాంటి 1066 చిప్‌లలో 000ని 100 చేయాలి, అంటే బీసెల్2ని గ్రౌండు నుంచి విడదీస్తే చాలు. దాని మీద చిన్న టేప్ ముక్క అంటించేది అందుకే. ఈ5300ది 010. దాన్ని 266కి తేవాలంటే బీసెల్1ని గ్రౌండుకి కలపాలి. టేప్ విడదీస్తుంది కానీ కలపదు! అక్కడ కావాల్సింది వెండి పెయింట్ లాంటి కరెంటు పారే పూత. కాంటాక్టుల మధ్య ఎడం మిల్లీమీటరు కంటే తక్కువ. పూత కాస్త పక్కకి పాకి పవర్ కాంటాక్టుకి తగిలితే చిప్పుతో పాటు బోర్డూ పోతుంది. మీ బయోస్‌లోనే ఎఫ్ఎస్‌బీ గడి ఉంది కాబట్టి ఈ సర్కస్ మీకు అక్కర్లేదు. బ్రాండెడ్ డబ్బాలకీ, ఇంటెల్ సొంత బోర్డుల్లో చాలావాటికీ ఆ గడి ఉండదు, టేప్ పుట్టింది వాటి కోసం.

జియాన్ ఈ5450 విషయం కూడా ఇలాంటిదే. 333 × 9 = 3.0, 12 ఎంబీ, 80 వాట్స్, కాగితం మీద క్యూ9650తో సమానం. కానీ అది 771 సాకెట్ చిప్. రెండు కాంటాక్టులను అటూ ఇటూ మార్చే స్టిక్కర్ వేయాలి, గాడులు వేరే చోట ఉంటాయి కాబట్టి సాకెట్ ప్లాస్టిక్ బొడిపెలు రెండూ కోయాలి, బయోస్‌లో ఆ చిప్ మైక్రోకోడ్ (దాన్ని సరిగ్గా నడపడానికి కావాల్సిన చిన్న కోడ్) చేర్చాలి. మైక్రోకోడ్ లేకుండా కూడా చాలాసార్లు ఆన్ అవుతుంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడు క్లాక్ దిగకపోవడం, ఎస్ఎస్ఈ 4.1 ఆదేశాలు కనబడకపోవడం లాంటివి మిగులుతాయి. స్టిక్కర్ వెంట్రుకంత జరిగినా ఆన్ కాదు. పగలూ రాత్రీ గిరాకీ ఉండే షాపు సిస్టం మీద ఇది చేయొద్దనే నా మాట. ఈ5450 బదులు ఎక్స్5450 చేతిలో పెడితే అసలు తీసుకోవద్దు, అది 120 వాట్లది.

పాత_ఇనుము

అందరూ ప్రాసెసర్ గురించే మాట్లాడుతున్నారు. ఆ బోర్డులో ముందు చచ్చేది ప్రాసెసర్ కాదు, దాని పక్కనున్న పవర్ సెక్షన్.

మూత తీసి సాకెట్‌కి ఎడమ పక్క చూడండి. ప్రాసెసర్‌కి కరెంటు మార్చి ఇచ్చే నల్లటి చదరపు మాస్‌ఫెట్లు, కాయిల్స్, కెపాసిటర్లు వరసగా ఉంటాయి. ఈ ధరల బోర్డుల్లో మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ ఉండదు. 95 వాట్ల క్వాడ్ పూర్తి లోడ్‌లో 12 వోల్టుల లైన్ నుంచి ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది, మార్పిడిలో పోయేది కలిపితే పదికి దగ్గర. ఇప్పుడున్న 65 వాట్ల చిప్‌కి అలవాటుపడ్డ మాస్‌ఫెట్లు ఒకటిన్నర రెట్లు మోయాలి. కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఒక్కటి ఉబ్బి ఉన్నా, అడుగున గోధుమరంగు మరక కనిపించినా, ఏ అప్‌గ్రేడూ వద్దు, ముందు దాన్ని మార్పించండి. క్వాడ్ వేసి దానిమీద ఓవర్‌క్లాక్ కూడా చేస్తానంటే ఆ బోర్డు ఆయుష్షు మీరే కోసినట్టు. క్వాడ్ అయితే మామూలు క్లాక్‌లో వదలండి. లాగాలనుకుంటే 65 వాట్ల చిప్‌నే లాగండి.

ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ మీద 450ని పట్టించుకోకండి, +12వీ గడిలో ఆంపియర్లు చదవండి. 12 అనో 14 అనో ఉంటే అది 150, 170 వాట్ల సరుకు. క్వాడ్‌కి అది కొసకి వచ్చేసినట్టే, ముందు దాన్ని మార్చండి.

కూలర్ కూడా. ఈ5300తో వచ్చే ఇంటెల్ కూలర్ పల్చటి అల్యూమినియం బిళ్ల. 95 వాట్ల వాటితో ఇచ్చింది దాదాపు రెట్టింపు మందం, మధ్యలో రాగి దిమ్మె. తిరగేసి చూస్తే రాగి గుండ్రంగా కనబడుతుంది. క్వాడ్ కొంటే ఆ కూలర్ కూడా అడిగి తెచ్చుకోండి. మే నెలలో తెనాలి షాపులో గది వేడే నలభై ఉంటే, జనవరిలో 65 చూపించిన చిప్ 80 దాటుతుంది. కోర్ టెంప్‌లో 80 లోపు ఉంచే లెక్కలో వెళ్లండి. వంద దగ్గర అది తనంతట తనే క్లాక్ తగ్గించేసుకుంటుంది, అప్పుడు పెంచినదంతా వృథా.

మార్చేటప్పుడు: పది నిమిషాలు సిస్టం నడిపి ఆపండి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్యనున్న పేస్ట్ మెత్తబడుతుంది. పుష్ పిన్నుల నెత్తిన బాణం చూపిన దిక్కుకి తిప్పితే వదులవుతాయి. కూలర్‌ని మెలితిప్పి లేపండి, సూటిగా పీకొద్దు. 775లో సూదులు ప్రాసెసర్‌కి ఉండవు, సాకెట్‌లో ఉంటాయి. ఒక్కటి వంగినా ర్యామ్ స్లాట్ ఒకటి పని చేయకపోవడం లాంటి వింతలు మొదలవుతాయి. కాబట్టి చిప్‌ని రెండు అంచుల్లో పట్టుకుని, పక్క గాడులు రెండూ సరిపోయాయో చూసి, నిటారుగా దించి వదలాలి. జరపకూడదు, నొక్కకూడదు. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెట్టండి. పిన్నులను బాణానికి ఎదురు దిక్కుకి తిప్పి ఉంచి, ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి, టిక్‌మని వినబడాలి. నాలుగూ అయ్యాక బోర్డు వెనక చూడండి. తెల్ల కాళ్ల మధ్య నల్ల మేకు పూర్తిగా దిగి, కాళ్లు విచ్చుకుని ఉండాలి. "ప్రాసెసర్ మార్చాక వేడెక్కుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పూర్తిగా దిగని నాలుగో పిన్నే.

ఇంకోటి. హార్డ్ డిస్క్ అలాగే ఉంచి ప్రాసెసర్ మారిస్తే తేడా మీకు పెద్దగా కనబడదు. 240 జీబీ ఎస్ఎస్‌డీ ముందు వేయండి. ఆ బోర్డులో డిస్కులను నడిపే చిప్ ఐసీహెచ్7, దానికి డిస్కుల కొత్త పద్ధతి అయిన ఏహెచ్‌సీఐ రాదు, సాటా-2 వేగమే. అయినా విండోస్ 7 పాత పద్ధతి ఐడీఈ మోడ్‌లో కూడా ట్రిమ్ (చెరిపిన చోటు ఖాళీ అని ఎస్ఎస్‌డీకి చెప్పే ఆదేశం) పంపుతుంది, భయం లేదు.

డీటీపీ_తెనాలి

అందరికీ ధన్యవాదాలు. కెపాసిటర్లు చదునుగానే ఉన్నాయి. 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు అని ఉంది, కాబట్టి క్వాడ్ ఆలోచన మానేశాను. ఈ8400 (మూత మీద ఎస్ఎల్‌బీ9జే అని ఉంది) పెట్టించాను, ఎస్ఎస్‌డీ కూడా. పేజ్‌మేకర్ బాగానే కదులుతోంది. రెండు అనుమానాలు. సీపీయూ-జెడ్‌లో 3000 బదులు 1998 చూపిస్తోంది, మోసపోయానా? రెండోది, 4 జీబీ స్టిక్ తెచ్చి పెడితే ఆన్ కావట్లేదు, మూడు బీప్‌లు కొట్టి ఆగిపోతోంది. అదే స్టిక్ కొత్త బోర్డులో పని చేస్తోంది.

సాకెట్_775

మోసం లేదు. పని లేనప్పుడు ఈ చిప్ మల్టిప్లయర్‌ని 6కి దించుకుంటుంది, 333 × 6 = 1998. సీపీయూ-జెడ్ తెరిచి ఉంచి పేజ్‌మేకర్లో ఏదైనా పెద్ద ఫైలు తెరవండి, 9 అయి 2998 దగ్గరకి ఎగరాలి. పూర్తి లోడ్‌లో కూడా 2400 దగ్గరే ఆగితే అప్పుడు అనుమానించాలి. అది 266 × 9, అంటే బయోస్‌లో ఎఫ్ఎస్‌బీ చేత్తో పెట్టింది అలాగే ఉండిపోయింది. హోస్ట్ క్లాక్ కంట్రోల్ డిజేబుల్ చేస్తే తనే 333 పట్టుకుంటుంది. ఎస్ఎల్‌బీ9జే అంటే ఈ0 స్టెప్పింగ్ (అదే చిప్‌కి తర్వాత వచ్చిన సవరించిన కూర్పు), ఈ8400లలో మంచి సరుకే.

ర్యామ్ తప్పు మీది కాదు, చిప్‌సెట్‌ది. జీ41 ఒక్కో నల్ల చిప్‌లో 2 గిగాబిట్ల వరకే గుర్తిస్తుంది. అంటే 4 జీబీ స్టిక్‌కి పదహారు చిప్‌లుండాలి, అటు ఎనిమిది ఇటు ఎనిమిది. ఇప్పుడొచ్చే వాటికి ఒకే పక్క ఎనిమిది ఉంటాయి, అవి 4 గిగాబిట్లవి, ఎప్పటికీ పని చేయవు. "ఏఎండీకి మాత్రమే" అని చవగ్గా అమ్మేవి రెండు పక్కలా చిప్‌లున్నా తీసుకోకండి. అసలు మీది 32-బిట్ విండోస్, 4 జీబీలో మూడు పైచిలుకే వాడుకుంటుంది. మీ దగ్గరున్న 2 జీబీ స్టిక్‌కి అదే రకం 2 జీబీది ఇంకోటి జత చేయండి. రెండు స్లాట్లలో రెండూ ఉంటే డ్యూయల్ చానల్ (రెండు స్టిక్‌లనీ ఒకేసారి వాడుకోవడం) కూడా పడుతుంది. బోర్డు మీది గ్రాఫిక్స్ అదే మెమరీని పంచుకుంటుంది కాబట్టి దానికీ లాభమే.

బీసెల్_పిన్

క్రోమ్ గురించి ఒక్క మాట. విండోస్ 7కి చివరిగా వచ్చింది 109వ వెర్షన్, ఆ తర్వాత అప్‌డేట్లు లేవు. బ్యాంకు పనులు ఆ సిస్టంలో పెట్టుకోకండి. విండోస్ 11కి మారదామనుకుంటే దాని 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఆదేశం లేని ప్రాసెసర్ మీద అది బూటే కాదు. ఈ8400లో, క్యూ9550లో, జియాన్ ఈ5450లో, ఎందులోనూ అది లేదు. క్లాక్ ఎంత లాగినా రాదు.